భద్రాచల రామదాసు

చైత్రశుద్ధ పాడ్యమినాడు తెలుగువారికి నూతన సంవత్సరము ప్రారంభమగును. ఆ ఉదయమున ప్రతి యింటి గుమ్మమునకును మామిడాకుల తోరణములు కట్టుదురు. వేపపూవు, క్రొత్త బెల్లము, చింతపండు, మామిడి పిందెలు చేర్చి ఉగాది పచ్చడి చేయుదురు. పెద్దలు పంచాంగ శ్రవణమునకై గుడికి పోవుదురు. ఆనాడే గోదావరీ తీరమున నున్న భద్రాచల క్షేత్రమునందు ఉత్సవములు మొదలగును. తొమ్మిదవ దినము శ్రీరామనవమి. ఆనాడు మిథిలా ప్రాంగణమున సీతారాముల కల్యాణము జరుగును. వేలకొలది జనులు కన్నులార చూచుచుండగా దేవతామూర్తుల శిరస్సులపై ముత్యములు కలిపిన తలంబ్రాలు పోయుదురు. ప్రభుత్వ పక్షమున పట్టువస్త్రములను, ముత్యాల తలంబ్రాలను సమర్పించు ఆచారము నేటికిని కలదు.

ఆ ముత్యముల వెనుక ఒక మానవుని జీవితము దాగియున్నది. అతడు రాజు కాడు, యోధుడు కాడు. ఒక చిన్న పరగణాకు అధికారి. మనవలెనే అతనికిని కష్టములు కలిగినవి, కోపము కలిగినది, భయము కలిగినది. కాని భయమునకు లొంగి బ్రదుకుటకు అతడు సమ్మతింపలేదు. అతని పేరు కంచెర్ల గోపన్న. లోకము అతనిని భద్రాచల రామదాసని కీర్తించుచున్నది.

ఖమ్మము నుండి తూర్పుగా ప్రయాణము చేసినచో పొలములు క్రమముగా తరిగి అడవి మొదలగును. టేకు, ఇప్ప, తునికి చెట్లును, వెదురు పొదలును దారికి ఇరుప్రక్కల కనిపించును. కిన్నెరసాని ఈ అడవుల గుండా ప్రవహించి గోదావరిలో కలియును. కోయలు అనాదిగా ఈ వనములలో నివసించుచున్నారు. గోదావరి ఒడ్డున అడవుల నడుమ ఒక చిన్న కొండ కలదు. అదియే భద్రగిరి. భద్రుడను మహర్షి అచట తపస్సు చేసి శ్రీరాముని ప్రత్యక్షము చేసికొనెనని స్థలపురాణము చెప్పుచున్నది. ఈ ప్రాంతము చాలకాలము ఖమ్మము జిల్లాలో నుండి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. క్రీస్తుశకము 17వ శతాబ్దిలో ఇది గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల యేలుబడిలో నుండెను.

ఆ శతాబ్దిలోనే ఖమ్మమునకు సమీపమున నున్న నేలకొండపల్లి యను గ్రామమున గోపన్న జన్మించెను. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోపన్న బాల్యముననే చదువు సంధ్యలు నేర్చెను. లెక్కలు వ్రాయుటలో నేర్పు గడించెను. రఘునాథ భట్టాచార్యులను గురువు నాశ్రయించి రామభక్తి మార్గమును తెలిసికొనెను. పండుగ దినములలో పేదలకు అన్నము పెట్టుట ఆతనికి మిక్కిలి ప్రీతియట. ఇంటనున్నది తరిగినను ఈ అలవాటు తరుగలేదని పెద్దలు చెప్పుకొందురు.

గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్నలు గోలకొండలో గొప్ప పదవుల నధిష్ఠించిరి. 1672లో సింహాసనమెక్కిన అబుల్ హసన్ కుతుబ్‌షా కాలమున వారి పలుకుబడి మిక్కిలి హెచ్చెను. ఈ సుల్తానునే ప్రజలు తానీషా యని పిలిచిరి. మేనమామల ప్రాపకమున గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించెను. రైతుల యొద్ద శిస్తు వసూలు చేయించుట, లెక్కలు సరిచూచుట, చేరిన ధనమును గోలకొండ ఖజానాకు పంపుట తహసీల్దారుని విధులు. గౌరవమును, జీతమును గల ఉద్యోగము. తలవంచుకొని పని చేసికొనినచో జీవితమంతయు సుఖముగా గడచిపోయెడిది.

ఆ దినములలో భద్రగిరిపై ఇప్పటివలె గోపురములు లేవు. పోకల దమ్మక్క యను స్త్రీ ఒకతె ఆ కొండకు సమీపమున నున్న పల్లెలో నివసించుచుండెను. అడవిలో పుట్టలో మరుగుపడియున్న సీతారామలక్ష్మణుల విగ్రహములను ఆమె కనుగొనెనట. చదువు లేదు, ధనము లేదు, అండయు లేదు. చుట్టును క్రూరమృగములు తిరుగు అడవి. అయినను ఆమె ముండ్లను తొలగించి, గోదావరి నీటితో పుట్టమన్ను కరిగించి, విగ్రహములను వెలికి తీసి, వానిపై ఆకుల పందిరి వేసెను. దినదినమును అడవి పండ్లు తెచ్చి నివేదనము చేయుచుండెను. భద్రాచల చరిత్రలో తొలి ధైర్యము ఈ దమ్మక్కదే. రామదాసును స్మరించువారు ఈమెను మరువరాదు.

గోపన్న ఒకమారు భద్రగిరికి వచ్చి ఆ పందిరిని చూచెను. ఎండకు ఎండి, వానకు తడియుచున్న ఆ మూర్తులను చూడగనే అతని హృదయము కరగిపోయెను. అచట రాతి గుడి కట్టింపవలెనని సంకల్పించెను. చుట్టుప్రక్కల గ్రామములవారు తమకు తోచినంత విరాళము లిచ్చిరి. కాని గుడి కట్టుట సామాన్యమా? రాళ్లు తెప్పింపవలెను, శిల్పులను పోషింపవలెను, ప్రాకారము లెత్తింపవలెను. చేరిన విరాళములు చాలలేదు. పని సగములో నిలిచిపోవు నట్లుండెను. అతని చేతిలో శిస్తు ధనము మాత్రము నిండుగా నుండెను. గోపన్న ఆ ధనమును గుడికై వెచ్చించెను. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలని ప్రతీతి.

ఇచట మనము ఒక క్షణము ఆగి ఆలోచింపవలెను. ఆ ధనము గోపన్నది కాదు. రైతులు చెమటోడ్చి చెల్లించినది, రాజ్యమునకు చేరవలసినది. ఎంత మంచి పనికైనను పరుల సొమ్మును అనుమతి లేక వెచ్చించుట న్యాయము కాదు. భక్తుడనియు, మహనీయుడనియు మనము గౌరవించుట చేత ఈ దోషము దోషము కాకపోదు. అయితే అతడు ఒక్క వరహానైనను తన సుఖమునకు వాడుకొనినట్లు ఏ కథయు చెప్పదు. తన యింటిని పెంచుకొనలేదు, భూములు కొనలేదు. కట్టినది గుడి, చేయించినది దేవుని నగలు. తప్పు చేసిన వారు లోకమున పెక్కుమంది. చేసిన పనికి తానే బాధ్యుడనని నిలిచినవారు కొలదిమంది. గోపన్న ఆ కొలదిమందిలో నొకడు.

గుడి పూర్తియయ్యెను. శంఖచక్రములు ధరించిన చతుర్భుజ రాముడు వామాంకమున సీతతో, ప్రక్కన లక్ష్మణునితో కొలువుతీరెను. కొంతకాలమునకు శిస్తు చేరలేదను వార్త గోలకొండకు తెలిసెను. సుల్తాను ఆగ్రహించి గోపన్నను బంధించి తెమ్మని భటులను పంపెను. భద్రాచలము చుట్టును దట్టమైన అడవి. ఏరు దాటినచో కొండలు. పారిపోదలచిన వానికి దారులకు కొదువ లేదు. ఆ ప్రాంతమున ప్రతి బాటయు తహసీల్దారునకు తెలిసినదే. అయినను గోపన్న అడవిలో దాగెనని ఏ ఐతిహ్యమును చెప్పదు. చేతులకు సంకెళ్లు వేయించుకొని, సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్న గోలకొండకు బందిగా పోయెను.

గోలకొండ కోటలో రామదాసు బందిఖానా యని పిలువబడు చీకటి గది నేటికిని కలదు. పైకప్పున నున్న రంధ్రము నుండి కొలదిపాటి వెలుతురు లోపలికి పడును. రాతిగోడపై సీతారామలక్ష్మణుల రూపములును, ఆంజనేయుని రూపమును చెక్కబడియున్నవి. వానిని రామదాసు తన చేతులతో చెక్కెనని జనులు చెప్పుకొందురు. కోటను చూడబోవువారు ఆ గోడ యెదుట ఒక్క నిమిషము మౌనముగా నిలువక మానరు. అతడు పండ్రెండేండ్లు ఆ చెరలో మ్రగ్గెననియు, కొరడా దెబ్బలు తినెననియు ప్రతీతి.

పండ్రెండేండ్లన నేమో ఊహించుకొనుడు. పండ్రెండు ఉగాదులు వచ్చిపోయినవి. వెలుపల వేపలు పూచినవి, కోయిలలు కూసినవి, భద్రగిరిపై కల్యాణములు జరిగినవి. గుడి కట్టించిన వానికి మాత్రము ఆ కల్యాణమును చూచు భాగ్యము లేదు. అట్టి స్థితిలో మనుష్యుని ఎన్ని భయములు ముట్టడించును! రేపటి దెబ్బలను గూర్చిన భయమొకటి. తనవారి గతి యేమగునో యను భయమొకటి. ప్రాణభయమొకటి. వీనియన్నిటికంటె పెద్దది మరియొకటి కలదు. తాను నమ్మి చేసినదంతయు వ్యర్థమేమో, తన మొర వినువాడే లేడేమో యను శంకయే అది. శరీరమునకు తగిలిన దెబ్బ మానును. ఈ శంక మాత్రము మనస్సును లోలోపల తొలిచివేయును.

ఈ భయమును రామదాసు దాచుకొనలేదు. దానిని పాటగా మార్చుకొనెను. అతని కీర్తనములలో పెక్కు చెరసాలలోనే పుట్టినవని చెప్పుదురు. ఒక కీర్తనమున దెబ్బలకు తాళలేక ఏడ్చును. వేరొక దానిలో తన మొర భర్తకు విన్నవింపుమని సీతమ్మను బ్రతిమాలుకొనును. మరియొక దానిలో పట్టరాని కోపముతో రామునే నిలదీయును. సీతమ్మకు చేయించిన చింతాకు పతకమును, రామునకు చేయించిన కలికితురాయిని, భరత లక్ష్మణ శత్రుఘ్నులకు చేయించిన నగలను ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టును. తహసీల్దారు లెక్క యప్పగించు తీరుననే దేవునికి లెక్క చెప్పును. అంతలోనే పశ్చాత్తాపము చెంది, బాధకు తాళలేక తిట్టితినని క్షమాపణ వేడుకొనును.

ఈ కీర్తనములను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివినచో ఒక విషయము బోధపడును. ధైర్యమనగా ఏడ్వకుండుట కాదు. కోపము రాకుండుటయు కాదు. తన మనస్సులో నున్నదానిని సత్యముగా పలికి, ఆ పలుకులను తానే విని, తప్పున్నచో దిద్దుకొని ముందుకు సాగుటయే ధైర్యము. రామదాసు ఒక దినముననే భయమును జయింపలేదు. పాట పాటకును ఒక్కొక్క మెట్టు ఎక్కెను. చెరకు పోవునాటికి అతడొక పరగణా అధికారి. చెర వెడలునాటికి తెలుగువారి మహావాగ్గేయకారులలో నొకడు. ఇనుప తలుపులు అతని శరీరమును బంధించినవే కాని, అతని యెదుగుదలను ఆపలేకపోయినవి. అతడు రచించిన దాశరథీ శతకమును తెలుగు బాలురు తరతరములుగా కంఠస్థము చేయుచున్నారు. అతని కీర్తనముల భాష మిక్కిలి సులభము. పల్లెలలో భజన చేయు నిరక్షరాస్యులకును అవి నోటికి వచ్చును.

చెర నుండి రామదాసు ఎట్లు విడుదలయ్యెనో తెలుపు ఐతిహ్యమొకటి తెలుగు దేశమున ప్రతి యింటను వినబడును. ఒక రాత్రివేళ రామోజీ, లక్ష్మోజీ యను ఇద్దరు యువకులు తానీషా శయనగృహమునకు వచ్చి, రామదాసు సేవకులమని చెప్పి, రావలసిన ఆరు లక్షల వరహాలను కుప్పగా పోసి, రసీదు తీసికొని పోయిరట. తెల్లవారి చూడగా ఆ రసీదు రామదాసు చెంత నుండెనట. వచ్చినవారు రామలక్ష్మణులేయని తానీషా గ్రహించి, పశ్చాత్తప్తుడై, రామదాసును స్వయముగా విడిపించి గౌరవించెనట. భక్తులు దీనిని జరిగిన కథగా నమ్ముదురు. ఈ కథయందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. దేవుడు వచ్చినను బాకీని మాఫీ చేయింపలేదు, ఖజానాకు చేరవలసిన ధనమును పైసతో సహా చెల్లించి రసీదు పుచ్చుకొనెను. ప్రజల సొమ్ము విషయమున మన పూర్వులకు గల న్యాయబుద్ధి ఈ కథలో తొంగి చూచుచున్నది.

ఐతిహ్యమున మరియొక భాగము తానీషాకు సంబంధించినది. అతడు పరమతస్థుడు, ప్రభువు. అయినను తన తప్పును గుర్తించుటకు సిగ్గుపడలేదు. భద్రాచల దేవాలయ కైంకర్యములకు మాన్యము లిచ్చెననియు, కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును తానే నెలకొల్పెననియు చెప్పుదురు. దండించిన ప్రభువు పేరును, దండన మనుభవించిన భక్తుని పేరును ప్రతి సంవత్సరము ఆ కల్యాణవేదిక చెంత జనులు కలిపియే తలచుకొనుచున్నారు. పగ యెచటను మిగులలేదు.

కాలచక్రము ఆగునది కాదు. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలో హతులైరి. 1687లో ఔరంగజేబు సైన్యములు దీర్ఘకాలము ముట్టడించి గోలకొండను జయించెను. తానీషా బందియై దౌలతాబాదు కోటకు పంపబడి, మరల స్వాతంత్ర్యము నెరుగక అచటనే కన్ను మూసెను. ఒకనాడు చెరకు పంపిన ప్రభువే తుదకు చెరపాలయ్యెను. సింహాసనము గలవానికిని, సంకెళ్లు గలవానికిని భాగ్యము స్థిరము కాదు. స్థిరముగా నిలుచునది మనుష్యుడు తనలో కూడబెట్టుకొనిన బలము మాత్రమే.

రామదాసు తన శేషజీవితమును భద్రాచలమున రామసేవలో గడపెనని చెప్పుదురు. అతని పాట మాత్రము భద్రాచలముతో ఆగలేదు. గోదావరి దాటి, కృష్ణ దాటి, కావేరీ తీరమునకు చేరెను. 1767లో జన్మించిన త్యాగరాజస్వామి రామదాసును తన కృతులలో భక్తిపూర్వకముగా తలచుకొనెను. అట్లు తలచుకొనునపుడు అతనిని భక్తునిగా మాత్రమే కాక, ధైర్యశాలిగా కూడ పేర్కొనుట విశేషము. సంగీత సార్వభౌముడైన త్యాగయ్యకు రామదాసు జీవితమున ఆ గుణమే ముఖ్యముగా తోచియుండును. ఖమ్మము జిల్లాలోని మెట్టభూములకు పాలేరు జలాశయము నుండి నీరందించు ఎత్తిపోతల పథకమునకు భక్త రామదాసు పేరు పెట్టిరి. ఆ ప్రాంతపు రైతుల పొలములకు నేడు అతని పేరిట నీరు పారుచున్నది.

విద్యార్థులారా! ప్రతి యుగాదికిని మనము క్రొత్త సంకల్పములు చేసికొందుము. బాగుగా చదువవలెననియు, వేకువనే లేవవలెననియు, అబద్ధ మాడరాదనియు నిశ్చయించుకొందుము. పది దినములు గడచునప్పటికి వానిలో పెక్కు జారిపోవును. దానికి సోమరితనము మాత్రమే కారణము కాదు. పెక్కు పర్యాయములు భయమే కారణము. తప్పిపోయినచో తోడివారు నవ్వుదురేమో యను భయము, తెలియనిదానిని అడిగినచో గురువు కోపించునేమో యను భయము, చేసిన తప్పును ఇంటిలో చెప్పినచో దండింతురేమో యను భయము మన కాళ్లను వెనుకకు లాగుచుండును.

రామదాసు మనకు చూపిన దారి కష్టమైనదే కాని మరుగైనది కాదు. చేసిన పనిని తనదిగా ఒప్పుకొనవలెను. దాని ఫలమునకు పారిపోక నిలువవలెను. భయము కలిగినపుడు దానిని దాచుకొనక, తనకు చేతనైన మంచి పనిగా మార్చుకొనవలెను. ఒకనికి అది పాట కావచ్చును, మరియొకనికి చదువు, వేరొకనికి చేతిపని కావచ్చును. ఉగాది పచ్చడిలో వేపపూవును ఏరివేసి బెల్లమును మాత్రమే తినువానికి పండుగ సగమే దక్కును. చేదును కూడ నాలుకపై నుంచుకొని సంవత్సరమును ప్రారంభించువానికి తరువాతి దినములు కొత్తగా తోచవు, వానిని చూచి అతడు జంకడు. పండ్రెండు ఉగాదులు చీకటి గదిలో గడపిన గోపన్న ఆ చేదును మ్రింగెను. అతడు మనకు మిగిల్చిన పాటలు మాత్రము నేటికిని తీయగానే యున్నవి.